సముద్రతీరం కాచిన తాతగారి జాడలో

వంశచరిత్ర అనగానే మనకు రాజులు, నవాబులు, జమీందారులు గుర్తుకు వస్తారు. సామాన్య గృహస్థుని వంశానికి చరిత్ర ఏముంటుందన్న భావన మనలో బలంగా నాటుకుపోయింది. ముత్తాత పేరు చెప్పగలిగినవారే అరుదు. ఆయన తండ్రి ఎవరని పిల్లలు అడిగితే ఇంట్లోని దాదీ వైపో, నానీ వైపో చూస్తాం. ఆమెకూ గుర్తు లేకపోతే ఆ కథ అంతటితో ముగిసినట్లే.

బ్రిటన్, ఐర్లండు దేశాల్లోనూ చాలా కుటుంబాల్లో పూర్వికుని గురించి మిగిలేది ఒక్క వాక్యమే. ‘మా తాతగారి తండ్రి నౌకాదళంలో పనిచేసి, తర్వాత కోస్ట్‌గార్డులో చేరాడట.’ ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకొని అక్కడి సామాన్యులు, వారి సంతతికి చెంది ఆస్ట్రేలియా, కెనడా వంటి దేశాల్లో స్థిరపడినవారు, నూట యాభై, రెండు వందల ఏళ్ల వెనుకకు వెళ్తున్నారు. తమ పూర్వికుడు ఏ ఓడల్లో తిరిగాడో, ఏ రేవుల్లో కాపురం పెట్టాడో, చివరికి ఆయన ఎత్తు ఎంతో, కళ్ల రంగు ఏమిటో కూడా తెలుసుకొంటున్నారు. వారు అనుసరించే మార్గాన్ని పరిశీలించినప్పుడు మాకు ఒక విషయం స్పష్టమైంది. ప్రభుత్వ దస్తావేజులు మనిషిని ఉద్యోగిగా మాత్రమే గుర్తుంచుకొంటాయి. ఆయనను భర్తగా, తండ్రిగా చూపించేవి భార్యాబిడ్డల కాగితాలు. అంతేకాదు, ఆ ఉద్యోగి జాడ దొరికేది కూడా చాలాసార్లు ఆ కాగితాల ద్వారానే.

తీరరక్షకులు ఎవరు?

పద్ధెనిమిదో శతాబ్దంలో బ్రిటిషు ప్రభుత్వం తేయాకు, పొగాకు, బ్రాందీ వంటి దిగుమతి సరుకులపై భారీ సుంకాలు విధించింది. 1784లో తగ్గించేనాటికి తేయాకుపై సుంకం 119 శాతం ఉండేది. సుంకం ఎక్కువైనచోట దొంగరవాణా పెరగక తప్పదు. చీకటి రాత్రుల్లో పడవలు ఒడ్డుకు చేరేవి. సరుకు తెల్లవారేలోగా మాయమయ్యేది. దానిని అరికట్టడానికి 1698 నుంచే గుర్రాలపై తీరమంతా తిరిగే ‘రైడింగ్ ఆఫీసర్లు’ ఉండేవారు. సముద్రం మీద సుంకాల శాఖ ఓడలు గస్తీ కాసేవి. 1809లో తీరం దగ్గర పడవల్లో కాపలా తిరిగే ‘ప్రివెంటివ్ వాటర్ గార్డ్’ ఏర్పడింది. 1822లో ఈ మూడింటినీ కలిపి ‘కోస్ట్‌గార్డ్’ అన్న పేరుతో ఒకే తీరరక్షక దళంగా మార్చారు.

ఇంగ్లండు ఆగ్నేయ తీరంలోని కెంట్, ససెక్స్ ప్రాంతాలను మాత్రం నౌకాదళమే ‘కోస్ట్ బ్లాకేడ్’ పేరుతో విడిగా కాసేది. 1831లో అదీ రద్దయి, ఆ ప్రాంతం కూడా కోస్ట్‌గార్డు చేతికి వచ్చింది. నౌకాదళంలో పనిచేసినవారిని ఈ దళంలోకి తీసుకోవడం ఆ కాలంలో బాగా పెరిగింది. 1856లో వచ్చిన చట్టం దళాన్ని సుంకాల శాఖ నుంచి తప్పించి నౌకాదళాన్ని నడిపే అడ్మిరల్టీకి అప్పగించింది. అప్పటినుంచి తీరరక్షకునిది మూడు పనుల కొలువు: సుంకం ఎగవేతను ఆపడం, తీరాన్ని రక్షించడం, యుద్ధం వస్తే ఓడ ఎక్కడం. ఓడ పగిలినప్పుడు ప్రాణాలు కాపాడే బాధ్యత అంతకుముందు నుంచే వారిపై ఉంది. 1920ల తొలి సంవత్సరాల్లో దళం వాణిజ్య శాఖ కిందికి మారి, ప్రాణరక్షణే దాని ప్రధాన బాధ్యత అయింది.

ఈ తేదీలను పక్కన పెట్టి అన్వేషణ సాగదు. పూర్వికుడు ఏ కాలంలో పనిచేశాడన్నదాన్ని బట్టి ఏ శాఖ దస్తావేజులు తెరవాలన్నది నిర్ణయమవుతుంది.

పరాయి ఊళ్లో కాపురం

తీరరక్షకుని సొంత ఊరి దగ్గర నియమించకూడదన్నది ఆ దళం పాటించిన పద్ధతి. కారణం తేలికగానే ఊహించవచ్చు. దొంగసరుకు దించేవాడు ఆయన బావమరిదో, చిన్ననాటి నేస్తమో అయితే చేతులు ముందుకు రావు. అందువల్ల కార్న్‌వాల్ మనిషిని ఐర్లండుకు, ఐర్లండు మనిషిని కెంట్‌కు పంపేవారు. కొన్నేళ్లకు మళ్లీ మరో తీరానికి బదిలీ. ఊరికి దూరంగా, సముద్రానికి ఎదురుగా వరుసగా కట్టిన చిన్న ఇళ్లు, వాటి పక్కనే పడవల కొట్టం, కాపలా గది. తరచుగా కనిపించే కోస్ట్‌గార్డ్ స్టేషన్ రూపం అది.

అన్నిచోట్లా ఇళ్లు కూడా ఉండేవి కావు. ఎసెక్స్ బురదనేలల వంటి చోట్ల పాత ఓడలనే లంగరు వేసి కాపలా స్థావరాలుగా మార్చారు. చార్లెస్ డార్విన్ ప్రపంచయాత్ర చేసిన ‘బీగిల్’ ఓడకు కూడా చివరికి దక్కిన కొలువు ఇదే. 1845లో దానిని ఎసెక్స్‌లోని పేగిల్‌షామ్ దగ్గర కాపలా ఓడగా నిలిపారు. 1870లో తుక్కు కింద అమ్మేశారు. శాస్త్ర చరిత్రలో అంత పేరుపొందిన ఆ ఓడకు రెండు దశాబ్దాలకు పైగా తీరరక్షక దళంలో మరో జీవితం ఉందన్న సంగతి చాలామందికి తెలియదు.

ఈ కొలువు భారాన్ని భర్తతో సమానంగా మోసింది భార్య. పుట్టింటికి దూరం. పొరుగువారు తన భర్తను శత్రువుగా చూసే ఊరు. భర్త రాత్రంతా గస్తీలో ఉంటే పసిపిల్లలతో తుపాను గాలుల మధ్య ఆ ఇంట్లో ఉండవలసింది ఆమె. ఒక ఊరు అలవాటయ్యేలోగా మరో ఊరికి సామాను సర్దుకోవాలి. తోటి ఉద్యోగుల కుటుంబాలే ఆమెకు బంధువర్గం. అందుకే కోస్ట్‌గార్డు కుటుంబాల మధ్య వియ్యాలు తరచుగా కనిపిస్తాయి.

పిల్లల పుట్టిన ఊళ్లు చెప్పే కథ

నేటి అన్వేషకునికి అసలైన తాళంచెవి ఇక్కడే దొరుకుతుంది. ఇంగ్లండు, వేల్స్‌లలో పదేళ్లకొకసారి జనాభా లెక్కలు తీస్తున్నారు. 1841 లెక్కల్లో ఒక వ్యక్తి తాను నివసిస్తున్న కౌంటీలోనే పుట్టాడా, లేదా అన్నంతవరకే అడిగారు. 1851 నుంచి ప్రతి వ్యక్తి వయసు, కుటుంబ పెద్దతో బంధుత్వం, వృత్తి, పుట్టిన ఊరు రాశారు. ఆ లెక్కల్లో ఒక కోస్ట్‌గార్డ్ కుటుంబం ఉందని అనుకుందాం. తండ్రి డెవాన్‌లో, తల్లి కెంట్‌లో పుట్టారు. పన్నెండేళ్ల పెద్దకొడుకు కెంట్‌లో, తొమ్మిదేళ్ల అమ్మాయి ఐర్లండులోని కార్క్‌లో, ఆరేళ్ల పిల్లవాడు మేయోలో, ఏడాది పాప డార్సెట్‌లో పుట్టారు. ఆ నాలుగు వరుసలు చదివితే తండ్రి బదిలీల క్రమం దాదాపు పూర్తిగా తెలిసిపోతుంది. ఏ ప్రభుత్వ శాఖా రాసిపెట్టని విధంగా ఆయన ఉద్యోగ చరిత్రను పిల్లల జననాలు రాసిపెట్టాయి.

అక్కడినుంచి జనన, వివాహ ధ్రువపత్రాలకు వెళ్లాలి. పౌర నమోదు ఇంగ్లండు, వేల్స్‌లలో 1837 జూలై 1న మొదలైంది. స్కాట్లండులో 1855లో, ఐర్లండులో పూర్తి స్థాయిలో 1864లో ప్రారంభమైంది. అంతకు పూర్వపు విషయాలకు చర్చి రిజిస్టర్లే ఆధారం. ఇంగ్లండు జనన ధ్రువపత్రంలో తల్లి పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది. తండ్రి వృత్తి దగ్గర ‘కోస్ట్‌గార్డ్ బోట్‌మన్’ అన్న మాట కనిపించవచ్చు. వివాహ ధ్రువపత్రంలో వధూవరుల తండ్రుల పేర్లు, వృత్తులు ఉంటాయి. అంటే ఒక్క కాగితంతో ఒక తరం వెనక్కి వెళ్లగలం.

1911 జనాభా లెక్కల పత్రం మమ్మల్ని ప్రత్యేకంగా ఆకట్టుకొంది. ఇంగ్లండు, వేల్స్‌లకు సంబంధించి కుటుంబ పెద్ద స్వయంగా నింపిన పత్రాలే భద్రపడి ఉన్నాయి. ముత్తాత చేతిరాతను మునిమనుమలు చూడగలరన్నమాట. అందులో వివాహిత స్త్రీ విషయంలో కొన్ని ప్రశ్నలు ఉన్నాయి: పెళ్లయి ఎన్నేళ్లయింది, ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికి ఉన్నారు, ఎంతమంది చనిపోయారు. కుటుంబ కథల్లో ఎవరూ పేరెత్తని పసికందుల సంగతి చాలా ఇళ్లకు ఆ గడిలోని ఒక్క అంకె ద్వారానే తెలిసింది.

నౌకాదళంలో గడిపిన కాలం

తీరానికి రాకముందు ఓడలపై గడిపిన సంవత్సరాలను వెదకడానికి 1853ను గట్టుగా గుర్తుంచుకోవాలి. అంతకుముందు నావికుడు నౌకాదళంలో శాశ్వత ఉద్యోగి కాడు. ఒక ఓడలో చేరతాడు. దాని యాత్ర ముగియగానే జీతం తీసుకొని దిగిపోతాడు. అందువల్ల ఆ కాలపు మనిషిని వెదకాలంటే ముందుగా ఓడ పేరు తెలియాలి. అప్పుడే ఆ ఓడ హాజరు పట్టీల్లో ఆయన పేరు చూడగలం. 1853లో పదేళ్ల నిరంతర సేవా పద్ధతి వచ్చాక ప్రతి నావికునికీ ఒక సంఖ్య, ఒక పత్రం ఏర్పడ్డాయి.

ఈ దస్తావేజులన్నీ లండన్ శివారు క్యూలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. అడ్మిరల్టీ కాగితాలకు అక్కడ ‘ఏడీఎం’ అన్న గుర్తు. 1853 నుంచి 1872 వరకు చేరినవారి ఒప్పంద పత్రాలు ఏడీఎం 139లో, 1873 నుంచి మొదలయ్యే నావికుల సేవా రిజిస్టర్లు ఏడీఎం 188లో ఉన్నాయి. పింఛను కోసం ఇచ్చిన సేవా ధ్రువపత్రాల నమోదు పుస్తకాలు ఏడీఎం 29లో దొరుకుతాయి. 1853కు ముందు పనిచేసినవారికి ఇవి వరం వంటివి. మనిషి తిరిగిన ఓడలన్నీ ఒకేచోట కనిపిస్తాయి. కోస్ట్‌గార్డుకు సంబంధించిన ప్రధాన రికార్డులు ఏడీఎం 175లో ఉన్నాయి. ఏ స్టేషన్‌లో ఎవరు పనిచేశారో తెలిపే 1816–1869 మధ్యకాలపు సిబ్బంది పుస్తకాలు, దళంలోకి నియామకాల రిజిస్టర్లు అందులోనివే. బోట్‌మన్, కమిషన్డ్ బోట్‌మన్, చీఫ్ బోట్‌మన్, చీఫ్ ఆఫీసర్ అన్న మెట్లపై ఆయన ఎదుగుదలను వాటిలో గమనించవచ్చు.

ఈ రికార్డులను చదవడానికి కొంత జాగ్రత్త అవసరం. హాజరు పట్టీలో పేరు ఎదుట ‘డి’ ఉంటే ఆ ఓడ నుంచి పంపించారని అర్థం. ‘డి.డి.’ ఉంటే మరణించాడని, ‘ఆర్’ ఉంటే పారిపోయాడని అర్థం. అలాగే సేవా పత్రంలో ఓడ పేరు ఉన్నంత మాత్రాన మనిషి ఆ ఓడపైనే ఉన్నాడని అనుకోరాదు. అడ్మిరల్టీ కాలంలో ఒడ్డున ఉన్న తీరరక్షకుల పేర్లు ఆ ప్రాంతపు కోస్ట్‌గార్డ్ ఓడ పుస్తకాల్లో ఉండేవి. ‘విక్టరీ’ అన్న పేరు చూసి తమ తాత నెల్సన్ సేనాని ఓడపై తిరిగాడని మురిసిపోయే కుటుంబాలూ ఉంటాయి. కానీ పోర్ట్స్‌మత్‌లోని ఒడ్డు స్థావరం సిబ్బందిని కూడా ఆ పేరు కిందే లెక్కించేవారు. చాథమ్‌కు ‘పెంబ్రోక్’, డెవన్‌పోర్ట్‌కు ‘వివిడ్’ అన్న పేర్లు కూడా ఇటువంటివే.

తల్లి పేరు దొరికే చోటు

నౌకాదళ కాగితాల్లో భార్య పేరు దాదాపు కనిపించదు. కనిపించే కొద్దిచోట్లలో ఒకటి బడి దరఖాస్తు. నావికుల పిల్లల చదువు కోసం గ్రీనిచ్‌లో రాయల్ హాస్పిటల్ స్కూల్ నడిచేది. 1933లో అది సఫోక్‌లోని హోల్‌బ్రూక్‌కు మారింది. బిడ్డను చేర్పించాలంటే తండ్రి నౌకాదళ సేవ వివరాలతోపాటు, తల్లిదండ్రుల వివాహానికి, బిడ్డ బాప్తిస్మానికి రుజువులు జతచేయవలసి వచ్చేది. ఆ పాత దరఖాస్తులు ఏడీఎం 73లో ఉన్నాయి. బిడ్డకు ఒక బడి దొరకాలని తల్లిదండ్రులు సమర్పించిన కాగితాలు, వారు కలనైనా ఊహించని విధంగా, రాబోయే తరాలకు వంశపత్రమయ్యాయి.

ఐర్లండు: కాలిపోయిన కాగితాలు, మిగిలిన కర్తవ్యం

ఐర్లండులో పనిచేసిన తీరరక్షకుని వెదికేవారికి ఒక పెద్ద గోడ అడ్డువస్తుంది. 1922లో అంతర్యుద్ధ సమయంలో డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ ప్రాంగణంలో ఉన్న రికార్డుల భాండాగారం దగ్ధమైంది. 1821 నుంచి 1851 వరకు తీసిన జనాభా లెక్కల్లో కొద్ది భాగాలు తప్ప అన్నీ బూడిదయ్యాయి. 1861 నుంచి 1891 వరకు తీసిన లెక్కలను ప్రభుత్వమే అంతకుముందు నాశనం చేసింది. పూర్తిగా మిగిలినవి 1901, 1911 లెక్కలే. వాటిని ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. లండన్‌లో ఉన్నందువల్ల కోస్ట్‌గార్డ్ రిజిస్టర్లు ఆ మంటల నుంచి తప్పించుకొన్నాయి. సొంత దేశంలో సామాన్య రైతు జాడ చెరిగిపోతే, పరాయి తీరాన కాపలా కాసినవాని పేరు నిలిచింది.

ఆ రైతుల పక్షాన నిలిచిన ఒక తీరరక్షక అధికారిని ఇక్కడ స్మరించకుండా ఉండలేము. 1845లో ఐర్లండులో బంగాళాదుంప పంటకు తెగులు సోకి మహాక్షామం మొదలైంది. అప్పుడు ఐర్లండు కోస్ట్‌గార్డుకు అధిపతి సర్ జేమ్స్ డాంబ్రెయిన్. పశ్చిమ తీరంలోని మారుమూల పల్లెలకు ధాన్యపు పిండి చేర్చే పని ఆయన దళంపై పడింది. దానిని అమ్మాలే గాని ఉచితంగా ఇవ్వరాదన్నది ప్రభుత్వ నియమం. ప్రజలు కళ్లెదుట ఆకలితో కూలిపోతుంటే 1846లో డాంబ్రెయిన్ ఉచితంగా పంచారు. పైవారు ఆయనను మందలించారు. స్థానిక సంపన్నుల నుంచి చందాలు పోగుచేసి ఉండవలసిందన్నారు. చందా ఇవ్వగలిగినవాడు ఆ చుట్టుపక్కల మైళ్ల దూరంలో ఒక్కడూ లేడని ఆయన బదులిచ్చారు.

సుంకం వసూలు కోసం పుట్టిన దళంలో ఇటువంటివారు ఉన్నారు. నియమాన్ని పట్టుకొని కూర్చున్నవారూ ఉన్నారు. తన పూర్వికుడు 1846లో మేయో తీరంలో పనిచేశాడని సిబ్బంది పుస్తకంలో చదివిన మనుమడికి ఆ వరుస కేవలం చిరునామా కాదు. ఆ రోజుల్లో తన తాత ఏమి చూశాడు, ఏమి చేశాడు అన్న ప్రశ్న అది.

దొరికిన నిజాన్ని స్వీకరించడం

కుటుంబ కథలు తరతరానికీ పెరుగుతాయి. బోట్‌మన్ మనుమల నోట కెప్టెన్ అవుతాడు. రిజిస్టరు తెరిస్తే అసలు హోదా తేలుతుంది. కొన్నిసార్లు పేరు ఎదుట ‘ఆర్’ అన్న అక్షరం కనిపిస్తుంది. మరికొన్నిసార్లు మద్యం మత్తు వల్ల హోదా తగ్గించారని ఉంటుంది. అటువంటప్పుడు పుస్తకం మూసేయాలని మనసు తొందరపెడుతుంది. కానీ పూర్వికుని గొప్పను మాత్రమే ఉంచుకొని లోపాన్ని దాచితే మనకు మిగిలేది చరిత్ర కాదు, పొగడ్త. ఓడ నుంచి పారిపోయిన పదహారేళ్ల కుర్రవాని వెనుక ఎంత కష్టం ఉందో మనకు తెలియదు. నిజాన్ని నిజంగా రాసి, తీర్పు చెప్పే తొందర మానుకోవడమే న్యాయం. అయితే జీవించి ఉన్నవారి గౌరవానికి భంగం కలిగించే సంగతులను వీధిలో పెట్టరాదు. పరిశోధనకు ఈ రెండు హద్దులూ అవసరమే.

మరొక నియమం కూడా ఉంది. ఒకే పేరు, ఒకే వయసు గల మనుషులు ఆ రిజిస్టర్లలో పదుల సంఖ్యలో ఉంటారు. పేరు కలిసిందని ఎవరినో తాతగా స్వీకరించరాదు. పుట్టిన ఊరు, భార్య పేరు, పిల్లల వయసులు కనీసం రెండు వేర్వేరు పత్రాల్లో సరిపోవాలి. ఇక్కడ కూడా సాక్ష్యం చెప్పేది కుటుంబమే.

మన ఇళ్ల సంగతి

భారత తీరరక్షక దళం 1977లో ఏర్పడి, 1978లో చట్టబద్ధమైంది. విశాఖపట్నం తూర్పు నౌకాదళ కేంద్రం. తెలుగు తీరంలో నౌకాదళంలోనో, తీరరక్షక దళంలోనో, సరుకు ఓడల్లోనో పనిచేసి వచ్చిన పెద్దలున్న ఇళ్లు మనకు కొత్త కాదు. వారి ఉద్యోగపు కాగితాలను భద్రపరచుకోవాలి. పింఛను ఉత్తర్వు, సేవా పుస్తకం, పాత గుర్తింపు కార్డు, వెనుక తేదీ రాసిన ఫొటో, ఏదీ పారేయదగినది కాదు. వాటిని మించిన మరో పని ఉంది. ఆ ఇంటి అమ్మ దగ్గర కూర్చొని అడగాలి. ఏ బిడ్డ ఏ ఊళ్లో పుట్టింది? ఏ క్వార్టర్సులో ఉన్నారు? ఆయన సముద్రంపై ఉన్న నెలల్లో ఇల్లు ఎలా గడిచింది? పొరుగున ఎవరు ఆదుకొన్నారు? ఆ సమాధానాలు ఏ ప్రభుత్వ భాండాగారంలోనూ ఉండవు.

బ్రిటన్‌లోని మునిమనుమలు నేడు రిజిస్టర్ల అంచుల్లో, జనాభా లెక్కల గడుల్లో తమ ముత్తవ్వ జాడలను ఒక్కొక్కటిగా ఏరుకొంటున్నారు. మన ఇళ్లలో ఆ జ్ఞాపకాలు ఇంకా మాట్లాడుతున్నాయి. ఒక నోటుపుస్తకం, కొన్ని సాయంత్రాలు కేటాయిస్తే చాలు. ఆ పని ఈ నెలలోనే మొదలుపెట్టాలని పాఠక సోదరీ సోదరులను కోరుతున్నాము.